ఆకాశపు సవారికి ఇంటి గడపయే మొదటి మెట్టు

గడచిన మాసమున నరసరావుపేటనుండి ఒక సోదరీమణి మాకొక జాబు వ్రాసిరి. వారి పెద్దకుమార్తె బి.యస్సీ. చదువుచున్నది. ఆ పిల్ల వేసవి సెలవులలో ఒక ఆంగ్లనవలను చేత పట్టి, ముగియువఱకు విడువలేదట. అందు రెక్కలుగల మహాసర్పములుండును. అవి నోట నిప్పులు గ్రక్కును. పాశ్చాత్యులు వానిని డ్రాగనులందురు. ఆ డ్రాగనులపై సవారిచేయు దళమొకటి యా కథలో గలదు. అందొక చిన్నయుద్యోగి అట్టడుగు పదవిలో చేరి, తన మృగమును మచ్చికచేసికొని, దెబ్బలు తిని, తప్పులు దిద్దుకొని, మెట్టుమెట్టుగా పైకెక్కి తుదకు దళమునకు నాయకత్వము వహించును. పుస్తకము మూసిన పిమ్మట పిల్ల వంటయింటిలో తల్లిప్రక్క కూర్చుండి, డ్రాగనులు లేకున్నను అట్టి దళము మనకును గలదనియు, తానందు చేరగోరుచున్నాననియు చెప్పెనట.

ఆ తల్లి మాకు వ్రాసిన మాటల సారమిది: "ఔనన్నచో నాకు రాత్రులు నిద్దురపట్టదు. కాదన్నచో పిల్ల ముఖము చూడలేను. చుట్టములు నవ్వుదురు. పిల్లకు గల ధైర్యము నాకు లేదు. మీరేమందురు?"

ఈ జాబునకు రెండు పంక్తులలో ప్రత్యుత్తరము వ్రాసి యూరకుండవచ్చును. కాని మాచర్లలోను, గురజాలలోను, వినుకొండలోను ఇదే ప్రశ్నను మనసులో నడచుకొని యున్న తల్లులు మఱికొందఱుందురని తలచి, ఈ మాసపు పుటను దీనికే కేటాయించితిమి.

ఇది నవ్వి త్రోసివేయదగిన కోరిక కాదు. గరుత్మంతుని కథలు, పుష్పకవిమానపు కథలు వినుచు పెరిగిన మన పిల్లలకు ఆకాశపు సవారి క్రొత్తమాట కాదు. సవారిచేయునది ఆడపిల్ల యగుటయే క్రొత్త. "ఉట్టి కెగురలేనమ్మ స్వర్గమున కెగురునా" యని మనకొక సామెత గలదు. ఈ సామెత మగవాని నుద్దేశించి పుట్టలేదు, అమ్మ నుద్దేశించియే పుట్టినది. మన యిండ్లలో అమ్మాయి పెద్దమాట యేది పలికినను ఎవరో యొకరు దీనిని తెచ్చి ముందు పెట్టుదురు. కావున ఎగిరిన వారెవరో, ఎట్లెగిరిరో ముందు తెలిసికొందము. ఆపైని మన పిల్లమాట విచారింతము.

ఆ పిల్ల చెప్పిన దళము భారత వాయుసేన. అది 1932 అక్టోబరు 8న ఏర్పడినది. అందలి యధికారుల పదవులు నిచ్చెనవలె నొకదానిపై నొకటి యుండును. శిక్షణ ముగించి మొదట నందుకొనునది ఫ్లయింగ్ ఆఫీసరు పదవి. ఆపైని ఫ్లైట్ లెఫ్టినెంటు, స్క్వాడ్రన్ లీడరు, వింగ్ కమాండరు, గ్రూప్ కెప్టెను. అటుపైని ఎయిర్ కమోడోరు, ఎయిర్ వైస్ మార్షలు, ఎయిర్ మార్షలు. అన్నిటికంటె మీద, సేనకంతటికిని ఒక్కరుగా నుండునది ఎయిర్ చీఫ్ మార్షలు. ఇట్లు తొమ్మిది మెట్లు. చేరిన రెండేండ్లకు రెండవ మెట్టు, ఆఱేండ్లకు మూడవది, పదుమూడేండ్లకు నాల్గవది, పరీక్షలలో కృతార్థులైనవారికి సేవాకాలమునుబట్టి లభించును. ఆపై మెట్లు ప్రధానముగా ఏఱి యిచ్చునవి. కథలోని డ్రాగను దొరకుట యదృష్టమేమో, ఈ మెట్లెక్కుట మాత్రము పరిశ్రమ.

ఈ నిచ్చెనను క్రిందినుండి దాదాపు కొసవఱకు ఎక్కిన స్త్రీ యొకరు మన తిరుపతిలో పుట్టినవారే. పద్మావతీ బందోపాధ్యాయ గారు 1944 నవంబరు 4న తిరుపతిలో జన్మించి ఢిల్లీలో పెరిగిరి. నాలుగైదేండ్ల ప్రాయముననే తల్లి క్షయవ్యాధితో మంచము పట్టగా, ఆటలాడుకొనవలసిన పసిపిల్ల తల్లికి పరిచర్యచేయవలసి వచ్చెను. ఆస్పత్రుల వసారాలు, మందుల వాసన, వైద్యుల రాకపోకలు ఆమెకు చిన్ననాటినుండి పరిచయములు. వారి యింటి కెదుటనే లేడీ హార్డింజి వైద్యకళాశాల యధ్యాపకురాలైన డాక్టరు పద్మావతి గారు కాపురముండిరి. తన పేరే కలిగిన యా వైద్యురాలిని చూచి, తానును వైద్యురాలు కావలెనని బాలిక తలచెను.

అయితే పాఠశాలలో ఆమె చదివినవి వైద్యమునకు వలయు శాస్త్రములు కావు. ఆ శాఖనుండి శాస్త్రముల వైపునకు మరలుట ఆ దినములలో అరుదు. ఆమె పట్టువిడువక ఆ మార్పు సాధించి, 1963లో పూనాలోని సైనిక వైద్యకళాశాలలో చేరిరి. 1968లో వాయుసేన ప్రవేశించిరి. వాయుసేనలోనే యధికారియైన బందోపాధ్యాయ గారిని వివాహమాడిరి. 1971 యుద్ధకాలమునందలి సేవకుగాను ఆమెకు విశిష్ట సేవా పతకము లభించెను. ఆలుమగలిరువురును ఒకే సభలో రాష్ట్రపతి పురస్కారముల నందుకొన్న వాయుసేన దంపతులలో వారే మొదటివారు. 1978లో సేనాధికారులు చదువు ఉన్నతవిద్యను పూర్తిచేసిన తొలి స్త్రీ ఆమెయే. ఉత్తరధ్రువ ప్రాంతమున శాస్త్రపరిశోధనచేసిన తొలి భారతస్త్రీయు ఆమెయే. వాయుసేనవారి కేంద్ర వైద్యసంస్థకు ఆధిపత్యము వహించిరి. 2002లో ఎయిర్ వైస్ మార్షలు, 2004లో ఎయిర్ మార్షలు అయిరి. మన వాయుసేనలో ఆ రెండు పదవులను పొందిన తొలి స్త్రీ యామె. 2020లో పద్మశ్రీ పురస్కారము లభించెను.

సోదరీమణులారా, ఈ సంవత్సరములను మఱియొకసారి లెక్కించుడు. 1968 నుండి 2004 వఱకు ముప్పదియాఱేండ్లు! నవలలో నాలుగువందల పుటలలో ముగియు కథకు నిజజీవితమున ఇంత కాలము పట్టినది. ఆమె యెక్కిన మొదటి మెట్టు సైనికకళాశాలలో లేదు. రోగియైన తల్లి మంచముప్రక్క నున్నది.

పద్మావతి గారు విమానము నడపువారు కారే, వైద్యురాలే కదా యని కొందఱనవచ్చును. ఆమె విద్య విమానచోదకుల దేహములకు సంబంధించినది. దాని నించుక తెలిసికొన్నచో, సవారిచేయువారికంటె వారిని కాచువారి పని తక్కువది కాదని తోచును. చెంబునకు త్రాడుకట్టి, నీరుపోసి గిరగిర త్రిప్పుడు. చెంబు తలక్రిందైనను నీరు ఒలుకక అడుగునకే యంటియుండును. యుద్ధవిమానము మహావేగముతో మలుపు తిరుగునప్పుడు చోదకుని దేహమునందలి రక్తమునకును ఇదే గతి పట్టును. అది తలనుండి పాదముల వైపునకు దిగజాఱును. మొదట చూపు మసకబాఱును, పిమ్మట స్మృతి తప్పును. దేహపు బరువు తొమ్మిదింతలైనట్లు తోచు మలుపులు గలవు. అనగా ఏబది కిలోల పిల్లకు తాను నాలుగువందల ఏబది కిలోలున్నట్లు తోచునన్నమాట. దీనికి విరుగుడుగా కాళ్ళను, కడుపును గాలితో బిగియబట్టు దుస్తులు ధరింపవలెను, ఊపిరిని బిగబట్టి విడుచు పద్ధతిని అభ్యసింపవలెను. ఇక ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనగును. పదునెనిమిదివేల అడుగుల యెత్తున గాలి యొత్తిడి నేలమీద నుండుదానిలో సగమే. అచట కుండలో ఎసరు త్వరగా మఱగును గాని అన్నము సరిగా ఉడుకదు. అట్టిచోట మనుష్యుని బుద్ధి చెదరకుండ నుంచుట యొక శాస్త్రము. పద్మావతి గారు తమ జీవితమును ధారపోసినది ఈ శాస్త్రమునకు.

ఇక విమానము నడపిన ఆడపిల్లల మాట. వాయుసేన యేర్పడిన అఱువదియేండ్లవఱకు స్త్రీలకు అందు వైద్యశాఖయే గాని చోదకపీఠము లేదు. 1990 తరువాతి సంవత్సరములలో తలుపు కొంచెము తెఱవబడెను. 1994 సెప్టెంబరు 2న హరితా కౌర్ దియోల్ అను ఇరువదిరెండేండ్ల యువతి ఆవ్రో విమానమును ఒంటరిగా నడపి, మన వాయుసేనలో ఆ పని చేసిన తొలి స్త్రీ యయ్యెను. 1999లో కార్గిల్ యుద్ధము జరుగునప్పుడు గుంజన్ సక్సేనా చీతా అను చిన్న హెలికాప్టరును ఆ కొండలమీద నడపెను.

ఇచట మేము దాచరానిమాట యొకటి గలదు. ఒంటరిగా ఎగిరి రెండేండ్ల నాలుగు మాసములైనను నిండకమునుపే, 1996 డిసెంబరు 24న, హరితా కౌర్ ఉన్న విమానము కూలిపోయి, ఆమె తోడి సైనికులతోగూడ మరణించెను. ఆ విమానము కూలినది ఎక్కడనో కాదు, మన ఆంధ్రదేశముననే, బుక్కాపురము అను గ్రామము చెంత. పంజాబుదేశపు తల్లి కన్న బిడ్డ తుదియూపిరి మన నేలమీద విడిచినది.

నరసరావుపేట సోదరి భయమును మేము వెఱ్ఱిభయమనుటలేదు. సవారిలో పడుట గలదు. కథలలో డ్రాగను రౌతును కాపాడును. ఇనుపపక్షికి ఆ ప్రేమ లేదు. ఈ సంగతి పిల్లకును తెలిసియుండవలెను, తల్లికిని తెలిసియుండవలెను. తెలియక ఔననుట ఎంత తప్పో, భయపడి తెలిసికొనకయే కాదనుట అంతే తప్పు. ఆ మరణము తరువాత ఆడపిల్లలు చేరుట మానలేదు. తలుపు మఱింత తెఱచుకొనెను.

2016 జూన్ 18న హైదరాబాదుచెంత దుండిగల్‌లోని వాయుసేన అకాడెమీలో ముగ్గురు యువతులు యుద్ధవిమానశాఖకు ఫ్లయింగ్ ఆఫీసరులుగా నియమింపబడిరి. వారు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్. స్త్రీలు ఆ శాఖలో చేరుట అదే ప్రథమము. 2018 ఫిబ్రవరిలో అవనీ చతుర్వేది మిగ్-21 విమానమును ఒంటరిగా నడపెను. 2019 మే మాసమున భావనా కాంత్ పగటివేళ యుద్ధకార్యమునకు అర్హురాలని నిర్ణయింపబడెను. వారు నడపిన యా మిగ్-21 విమానములు 2025 సెప్టెంబరులో సేవనుండి విరమించెను గాని, వారు తెఱచిన త్రోవ విరమింపలేదు. మొదట పరీక్షార్థమై పెట్టిన యా యేర్పాటును 2022లో శాశ్వతమొనర్చిరి. 2023లో షాలిజా ధామి అను గ్రూప్ కెప్టెనునకు పశ్చిమసరిహద్దు ప్రాంతమున క్షిపణిదళముపై ఆధిపత్యము నొసగిరి. యుద్ధదళమునకు ఆధిపత్యము వహించిన తొలి వాయుసేనాస్త్రీ యామె.

పూనాచెంత ఖడక్‌వాస్లలోని జాతీయ రక్షణ అకాడెమీ తలుపులును 2021లో సుప్రీంకోర్టు ఉత్తరువుచే ఆడపిల్లలకు తెఱవబడెను. 2022లో చేరిన తొలి బృందమునుండి పదునేడుగురు 2025 మే 30న పట్టభద్రులై వెలువడిరి. వీరు మన ఇంటర్మీడియటు చదువు ముగించునంతటి వయస్సుననే ఇల్లువిడిచి పోయిన పిల్లలు.

ఇవి యన్నియు ఎక్కడి మాటలో యని తోచవచ్చును. ఇపుడు మన పల్నాటికి వత్తము. ఏటేట కార్తిక అమావాస్యకు కారెంపూడిలో వీరుల యుత్సవము జరుగును. మనలో పలువురు ఎడ్లబండ్ల కాలమునుండియు పోవుచున్నవారే. అచట వినునదేమి? బాలచంద్రుడు పసివాడయ్యు యుద్ధమునకు పోయెననియు, తల్లి ఐతాంబ గుండె దిటవుచేసికొనెననియు, భార్య మాంచాల అతనిని యుద్ధభూమికి సాగనంపెననియు వినుచున్నాము. విని కన్నీరు నింపుకొని, ధన్యురాలు తల్లియనుచున్నాము. ఈ కథనే వినుచు పెరిగిన యాడపిల్ల తానును పోయెదనన్నచో మాత్రము, ఆడదానికెందుకని యందుము. తల్లి గుండె కొడుకును పంపునప్పుడొకటియు, కూతురిని పంపునప్పుడు వేఱొకటియునా?

నాగమ్మను తలచుకొందము. జిట్టగామాలపాడున రైతుబిడ్డగా పెరిగి, నలగామరాజు కొలువున మంత్రిణియై, పల్నాటిరాజ్యము నడపినదని చెప్పుకొందురు. కోడిపందెమును, యుద్ధమును, ఆమె కుటిలబుద్ధిని కథకులు విస్తరించి చెప్పుదురు. ఆమె చేసినవన్నియు మేము సమర్థించుట లేదు. కాని గొడ్డు గోదలను చూచుకొను నింటినుండి రాజు కొలువువఱకు ఆమె యెట్లెక్కినదో, ఎన్ని మెట్లెక్కినదో ఎవరును చెప్పరు. ఎక్కిన స్త్రీ చేసిన తప్పులే మనకు జ్ఞాపకము, ఎక్కిన మెట్లు జ్ఞాపకము లేవు. నాయకురాలు అను బిరుదము ఎనిమిదివందల యేండ్లకు పూర్వమే ఒక స్త్రీకి కట్టినసీమ మనది. నాయకత్వము ఇచటి ఆడపడుచులకు క్రొత్తదని యెవరనగలరు?

ఆకాశపు దళమును మనకంత దూరముననే యుండలేదు. అద్దంకిచెంత కొరిశపాడు వద్ద జాతీయరహదారిని, ఆపత్సమయమున విమానములు దిగుటకు అనువుగా వెడల్పుచేసిరి. 2022 డిసెంబరు 29న వాయుసేనవారు తమ విమానములను దానిపై తక్కువ యెత్తున నడపి పరీక్షించిరి. బస్సులు, లారీలు పోవు త్రోవయే ఆకాశమునకు గుమ్మమైనది.

ఇక కార్యమునకు వత్తము. కోరిక యొకటే చాలదు. ఆ నిచ్చెన మొదటి మెట్టు చేరుటకే కొన్ని నియమములు గలవు, అవి తల్లులకు ముందుగా తెలిసినచో మేలు.

మొదటిది చదువు. విమానము నడపు శాఖకు ఇంటర్మీడియటునందు గణితము, భౌతికశాస్త్రము రెండును చదివియుండవలెను. ఆడపిల్లకు లెక్కలెందుకని పదవతరగతి పిమ్మట వేఱు శాఖలో చేర్చిన యింట, ఆ దినముననే ఈ తలుపు మూతపడుచున్నది. మూసినవారికి దాని సంగతియైనను తెలియదు. పట్టపరీక్షయందు నూటికి అఱువదికి తక్కువకాని మార్కులు వలయును. రెండవది వయస్సు. పట్టభద్రులు వ్రాయు వాయుసేన ప్రవేశపరీక్ష ఏటికి రెండుమాఱులు జరుగును. చోదకశాఖకు ఇరువదియేండ్లకు తక్కువకాక ఇరువదినాలుగు దాటక యుండవలెను. ఇంటర్మీడియటు తోడనే జాతీయ రక్షణ అకాడెమీకి పోగోరువారికి వయస్సు పదునాఱున్నర మొదలు పందొమ్మిదిన్నర లోపల. చూతము, చూతము అని రెండేండ్లు జరపిన యింట, కాదనకయే కాదన్నట్లగును.

మూడవది దేహము. చోదకశాఖకు ఎత్తు నూట అఱువదిరెండున్నర సెంటీమీటర్లు, అనగా సుమారు అయిదడుగుల నాలుగంగుళములు, ఉండవలెను. దూరపుచూపునకు అద్దములవసరమైన పిల్లకు ఈ శాఖ దొరకదు. కావున చిన్ననాడే కన్నులు పరీక్ష చేయించుట మంచిది. చూపు చాలదని తేలిన పిల్ల కుమిలిపోవలసినది లేదు, విమానములను బాగుచేయు శాఖ, వాతావరణశాఖ, లెక్కలశాఖ మొదలైనవి గలవు. ఎఱుపు పచ్చల భేదము చక్కగా తెలియవలెను. తెల్లవాఱుజామున పరుగు, వేళకు నిద్ర, ఒంటికి పట్టెడు పాలు పెరుగు, పప్పు, ఆకుకూర కావలెను. తమ్ముని పళ్ళెములో పెరుగు గడ్డ, అక్క పళ్ళెములో మజ్జిగతేట వడ్డించు నింట ఈ కోరిక నెఱవేఱదు. రక్తహీనత గల పిల్ల ఆకాశమున నిలువజాలదు.

నాల్గవది ఎంపిక. వ్రాతపరీక్షలో నెగ్గినవారిని మైసూరు, డెహ్రాడూన్ మొదలగు స్థలములందలి ఎంపికమండలికి పిలుతురు. అచట కొన్నిదినములుంచి, నలుగురిలో నెట్లు మెలగునో, భయము కలిగినప్పుడెట్లు నిర్ణయించుకొనునో, మాటకును చేతకును పొత్తు గలదో లేదో పరీక్షింతురు. చోదకురాలగుటకు తగిన నేర్పును కొలుచు ప్రత్యేకపరీక్ష మఱియొకటి గలదు. అది జీవితమున ఒక్కసారి మాత్రమే యిత్తురు. కాలేజీలో యన్.సి.సి.లో చేరిన పిల్లకు ఈ క్రమశిక్షణ ముందుగానే అలవడును.

శిక్షణకు రుసుము లేదు. తుదియేడు శిక్షణలో నెలకు 56,100 రూపాయల భృతి ప్రభుత్వమే యిచ్చును. చోదకశాఖలో తాత్కాలికపు ఉద్యోగమునకు నియమితకాలము పదునాలుగేండ్లు. శాశ్వతోద్యోగపు మాటపై 2010లో ఢిల్లీ హైకోర్టు స్త్రీల పక్షమున తీర్పు చెప్పెను. ఆ హక్కును సంపాదించుటకు వాయుసేనాధికారిణులే న్యాయస్థానపు మెట్లెక్కవలసివచ్చెనని మఱువరాదు. నిచ్చెనలో ఆ మెట్టును వారే వేసికొనిరి.

చుట్టములు మొదట నడుగునది పెండ్లి మాట. శిక్షణకు చేరునాటికి పిల్ల అవివాహితయై యుండవలెను, శిక్షణ ముగియువఱకు వివాహమునకు అనుమతి లేదు. ఆ నియమము కన్నవారిపాలిటి యొక రక్షయే. తొందరపెట్టు బంధువులకు సర్కారు నియమమని చెప్పి తప్పించుకొనవచ్చును. ఆ తరువాత వరుడు దొరకడా యందురేమో. పద్మావతి గారికి దొరకిన వరుడు ఆమెతోబాటు పతకమందుకొన్నవాడు. పిల్ల నెగురనీయని యల్లుడు దొరకుటకంటె కొంచె మాలస్యముగా మంచివాడు దొరకుట మేలు కాదా?

ఇక నరసరావుపేట సోదరికి మా ప్రత్యుత్తరము.

అమ్మా, మీ పిల్లను పంపుడు. అయితే నవల చదివిన పరవశములో పంపవలదు. మొదట ఆమెను మూడు ప్రశ్నలడుగుడు. హరితా కౌర్ సంగతి తెలిసియు పోగోరుచున్నావా? యుద్ధవిమానము దొరకక, వస్తువులు మోయు విమానమో, హెలికాప్టరో, లేక నేలమీది పనియో దొరకినను అదే శ్రద్ధతో చేసెదవా? ఎంపికమండలి నిన్ను త్రిప్పి పంపినచో ఇంటికి వచ్చి, తలయెత్తుకొని మఱియొక విద్య నేర్చుకొందువా? ఈ మూడింటికిని ఆమె కన్నులు దించక ఔనన్నచో, ఆ పిల్లకు వలసిన ధైర్యము ఆమెయొద్దనే యున్నది. మీ రిచ్చుటకు మిగిలినది అనుమతి యొకటే.

మీ భయమును ఆమెకు తెలియనీయుడు. దానిని దాచి నవ్వవలదు. తల్లి భయపడియు పంపినదని తెలిసిన బిడ్డ జాగ్రత్తగా నుండును. పిల్లకు గల ధైర్యము మీకు లేదని వ్రాసితిరి. నిప్పులు గ్రక్కు జంతువుపై నెక్కుట ఒక ధైర్యము. ఎక్కిన బిడ్డ దిగివచ్చువఱకు గడపలో కూర్చుండి, దీపము కొండెక్కకుండ చూచుకొనుట ఇంకొక ధైర్యము. రెండవదానికి పతకము లేదు. ఐతాంబకును లేదు.

ఉట్టిమాట చెప్పి ముగింతుము. ఉట్టి మన యింటిలోనిదే. దాని నెంత యెత్తున కట్టవలెనో నిర్ణయించినవారు పెద్దలు. ఆడపిల్ల కందనంత యెత్తున కట్టి, క్రిందనున్న పీట లాగివేసి, ఎగురలేకపోయితివని యనుట న్యాయము కాదు. ఆ పీటను మరల తెచ్చి క్రింద వేయుడు. గణితపుస్తకమొక పీట. ఉదయపు పరుగొక పీట. గిన్నెడు పెరుగొక పీట. పోయిరమ్మను మాట యన్నిటికంటె బలమైన పీట.

ఎక్కుటయో మానుటయో పిల్ల చూచుకొనును. మీ పిల్ల పరీక్ష వ్రాసిన పిమ్మట, ఫలితమేదైనను, మాకు జాబు వ్రాయుడు. ఈ పుటలో దానికి చోటుంచెదము.